ప్లాటు అమ్మడానికి నోరొక్కటే చాలదు

"రియల్ ఎస్టేట్‌కు చదువెందుకండీ? నోరుండాలి, ఫోన్లో నాలుగొందల నంబర్లుండాలి, ఎండలో తిరిగే ఓపికుండాలి, అంతే." మన రెండు రాష్ట్రాల్లో ఈ మాట వినపడని మండల కేంద్రం ఉండదు. డిగ్రీ మధ్యలో ఆపేసిన కుర్రాడికి మేనమామ ఇచ్చే సలహా ఇదే. గ్రూప్స్‌కు ఏళ్ల తరబడి చదివి విసిగిపోయిన అమ్మాయికి స్నేహితురాలు చూపించే దారీ ఇదే. పదో తరగతి తప్పినాయన వెంచర్లు వేసి కోట్లు గడించాడనీ, ఇంజినీరింగ్ చదివినవాడు ఆయన దగ్గర లెక్కలు రాస్తున్నాడనీ ఒక ఉదాహరణ అందరి దగ్గరా సిద్ధంగా ఉంటుంది. అమ్మేవాళ్లే కాదు, కొనేవాళ్లూ దీన్ని నమ్ముతారు. అందుకే మధ్యవర్తిని "నువ్వేం చదివావు, ఈ భూమి గురించి నీకేం తెలుసు" అని ఎవరూ అడగరు. "రేటు తగ్గుతుందా" అని మాత్రం అడుగుతారు.

ఈ అభిప్రాయం తప్పని నా గట్టి నమ్మకం. మామూలు తప్పు కూడా కాదు. జీవితమంతా కూడబెట్టిన డబ్బు ఒక్క సంతకంతో చేతులు మారే చోట, ఆ సంతకం పెట్టించే మనిషికి ఏమీ తెలియనక్కర్లేదని సమాజమంతా ఒప్పుకోవడం ఇది.

నాకు దగ్గరగా తెలిసిన ఒక రిటైర్డ్ టీచరు సంగతి చెబుతాను. పదవీ విరమణ డబ్బుతో హైదరాబాద్‌కు కాస్త దూరంలో రెండు వందల గజాల ప్లాటు కొన్నారు. అమ్మిపెట్టింది ఆవిడ పూర్వ విద్యార్థే. "కాయితాలన్నీ క్లియర్ మేడం, ఈసీ తీశాను, నాలా కన్వర్షన్ అయింది, చూడండి" అని ఫైలు ముందు పెట్టాడు. ఆ ఫైల్లో ఉన్నవన్నీ నిజమైన కాయితాలే. ఆ కుర్రాడు అబద్ధమాడలేదు. అదే వెంచర్‌లో తనూ ఒక ప్లాటు కొనుక్కున్నాడు.

రెండేళ్లకు కోర్టు నోటీసు వచ్చింది. ఆ భూమిని 2006లో మొదట అమ్మింది ఒక తండ్రీ, ఇద్దరు కొడుకులూ. అది తాత నుంచి వచ్చిన ఆస్తి అని అప్పటి దస్తావేజు రెండో పేజీలోనే రాసి ఉంది. నేను చదివాను. ఆ కుటుంబంలో ఒక కూతురుంది. ఆమె పెళ్లి 1991లో జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ ప్రకారం, 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని కూతురికి పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చిన హక్కు మన ఆడపిల్లలకు ఇరవై ఏళ్ల ముందే వచ్చింది. ఆ దస్తావేజులో ఆ కూతురి సంతకం లేదు. ఆమె భాగ పంపిణీకి దావా వేసింది. వేయడం ఆమె హక్కు. మధ్యలో టీచరుగారి ప్లాటు చిక్కుకుంది. ఇప్పుడు దాన్ని అమ్మబోతే కొనేవారు లేరు, ఇల్లు కడదామంటే బ్యాంకు అప్పివ్వదు.

"ఈసీ క్లియర్‌గా ఉంది కదా మేడం" అని ఆ కుర్రాడు ఇప్పటికీ అంటాడు. ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమేననీ, సంతకం పెట్టని కూతురు ఈసీలో కనిపించదనీ అతనికి ఎవరూ చెప్పలేదు. రిజిస్టర్ కాని వీలునామా, నోటిమాటతో జరిగిన పంపకం, కోర్టులో నడుస్తున్న దావా కూడా సాధారణంగా అందులోకి రావు. ఆ ఒక్క సంగతి తెలిసుంటే, "ఇది పిత్రార్జితం కదా, ఆడపిల్లలెవరైనా ఉన్నారా, వాళ్ల సంతకాలేవి" అని అతను మొదటిరోజే అడిగేవాడు. అడగడానికి పైసా ఖర్చు కాదు. అడగాలని తెలియాలి, అంతే. ఆ తెలియడం పేరే చదువు.

మోసగాళ్ల గురించి పత్రికలు రోజూ రాస్తాయి. మోసం చేసేవాణ్ణి చదువు మార్చదని నాకూ తెలుసు. కానీ ఈ వృత్తిలో జరుగుతున్న నష్టంలో పెద్ద వాటా మంచివాళ్ల అజ్ఞానం వల్ల జరుగుతోంది. దాని మీద కేసు పెట్టలేం, దాన్ని జైలుకు పంపలేం. నేర్పితేనే అది పోతుంది.

అసలు ఈ కుర్రాళ్లకు శిక్షణే లేదా అంటే, ఉంది. ఆదివారం ఉదయం శివార్లలో ఏదైనా ఫంక్షన్ హాల్లోకి వెళ్లి చూడండి. మెడలో ఐడీ కార్డులు, తెల్ల చొక్కాలు, వేదిక మీద పెద్ద తెర. గత నెల ఎక్కువ ప్లాట్లు అమ్మినవాళ్లను పైకి పిలిచి శాలువా కప్పుతారు. చప్పట్ల మధ్య ఒకాయన మైకు పట్టుకుని, కస్టమర్ "ఆలోచించి చెబుతాను" అంటే ఏమనాలో, భార్య వెనకాడుతుంటే భర్తతో ఎలా మాట్లాడాలో, సైట్ దగ్గరే టోకెన్ అడ్వాన్స్ ఎలా తీసుకోవాలో చెబుతాడు. మీ కింద నలుగురిని చేర్పిస్తే మీకెంత శాతం, వాళ్ల కింద మరో నలుగురు చేరితే ఎంత అన్న లెక్క తెర మీద కనిపిస్తుంది. మధ్యాహ్నం భోజనం, ఆ తర్వాత కార్లలో సైట్ విజిట్. గంటల కొద్దీ సాగే ఆ శిక్షణలో సర్వే నంబరు ఎలా చూడాలో చెప్పే పది నిమిషాలు ఉండవు. రీజనల్ రింగ్ రోడ్డు ఎటు పోతోందో వేలితో చూపిస్తారు. వెంచర్ పక్కనున్న చెరువు నీళ్లు ఎంతవరకు వస్తాయో చూపించరు.

కాబట్టి చదువు అక్కర్లేదనే వాదన నిజానికి శిక్షణ అక్కర్లేదనడం లేదు. అమ్మే శిక్షణ చాలు, తెలుసుకునే శిక్షణ అక్కర్లేదని అంటోంది. దాని వల్ల లాభం ఎవరికో చెప్పాల్సిన పని లేదు. భూమి రికార్డైన పహాణీ చదవగలిగిన ఏజెంటు వెంచర్ యజమానిని ప్రశ్నలు అడుగుతాడు. అతను చెప్పుకోదగ్గ సరుకైతేనే అమ్ముతాడు.

ఈ వృత్తిలో తెలుసుకోవాల్సింది ఏముందిలే అనుకునేవాళ్లు ఒక ఎకరం భూమి వెనక ఎన్ని పొరలున్నాయో చూడాలి. తెలంగాణలో ఒక సర్వే నంబరు పూర్వాపరాలు తెలియాలంటే సేత్వార్ దాకా వెళ్లాలి, 1954-55 నాటి ఖాస్రా పహాణీ చూడాలి, అక్కణ్నుంచి ఏటేటి పహాణీలూ వరసగా రావాలి. మధ్యలో ఎక్కడైనా పట్టాదారు పేరు కారణం లేకుండా మారిందా అన్నది పట్టుకోవాలి. కౌలుదారుకు 38-ఇ సర్టిఫికెట్ ఇచ్చారా, ఇనాం భూమైతే ఓఆర్‌సీ వచ్చిందా, లావుణీ పట్టానా, 1951లో పోచంపల్లిలో మొదలైన భూదానోద్యమం నాటి దానభూమా, వక్ఫ్ ఆస్తా, సీలింగ్‌లో పోయిందా, 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా, ఇవన్నీ వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి జవాబు దొరికితే ఇంకొకదానికి దొరికినట్టు కాదు. ఆంధ్రలో రికార్డు వేరు: ఆర్‌ఎస్‌ఆర్, అడంగల్, 1-బి, ఎఫ్‌ఎంబీ. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లొచ్చాయి. పాత దస్తావేజులో ఉన్న నంబరుకూ కొత్త నంబరుకూ పొంతన కుదిర్చి చూడటం ఇప్పుడొక ప్రత్యేకమైన పని.

కొలతల్లోనూ అంతే. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు అని తెలంగాణలో లెక్క. ఎకరానికి 100 సెంట్లు, సెంటుకు 48.4 గజాలు అని కోస్తాలో లెక్క. నెల్లూరు అంకణం, తిరుపతి అంకణం పేరుకు ఒకటే, కొలతకు కావు. ఒక జిల్లాలో అలవాటైన లెక్క పక్క జిల్లాలో కొనేవాడిని ముంచుతుంది.

చట్టాలైతే రెండు రాష్ట్రాలకూ ఇప్పుడు చెరో దారి. పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అమ్మకూడదని 1977 చట్టం ఉమ్మడిగా చెప్పింది. 2023లో ఆంధ్రప్రదేశ్ దాన్ని సవరించి, ఇరవై ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు వెసులుబాటు ఇచ్చింది. తెలంగాణలో ఆ సవరణ లేదు. విజయవాడలో విన్న మాట నమ్మి ఖమ్మంలో అసైన్డ్ భూమికి బయానా ఇస్తే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

"ఇవన్నీ అనుభవం మీద వస్తాయి, కాలేజీలో రావు" అనేది తరచూ వినిపించే సమాధానం. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న కొందరు పెద్దమనుషులకు ఊళ్లో ప్రతి గట్టూ తెలుసు. వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. అయితే అనుభవం పాఠం చెప్పాలంటే చేసిన తప్పు తిరిగి చేసినవాడికే తగలాలి. వంటవాడికి ఉప్పెక్కువైన సంగతి పంక్తిలోనే తెలుస్తుంది. ప్లాటు అమ్మినవాడికి అలా తెలియదు. టైటిల్‌లో లొసుగు బయటపడేది ఐదేళ్లకో పదేళ్లకో, కొన్నవాడు ఇల్లు కట్టబోయినప్పుడు, లేదా అమ్మబోయినప్పుడు. అప్పటికి కమీషన్ ఖర్చయిపోయింది, ఏజెంటు మరో కంపెనీలోనో మరో వ్యాపారంలోనో ఉంటాడు. వంద ప్లాట్లు అమ్మినవాడి దగ్గర వంద అమ్మకాల అనుభవం ఉంటుంది కానీ, వాటిలో ఎన్ని నిలిచాయో అతనికే తెలియదు. ఇలాంటి వృత్తిలో అనుభవాన్ని గురువుగా పెట్టుకోమనడం, ఆ గురువు ఫీజు కొనేవాడి చేత కట్టించడమే అవుతుంది.

పైగా ఆ అనుభవం పాతబడిపోతుంది. తెలంగాణలో 2020 అక్టోబర్‌లో ధరణి పోర్టల్ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఐదేళ్లలో రెండుసార్లు రికార్డు పద్ధతి మారింది. 2024 జులైలో హైదరాబాద్‌లో చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా ఏర్పడ్డాక ఎఫ్‌టీఎల్ (నిండు చెరువు నీటి హద్దు), బఫర్ జోన్ అనే మాటలు కూలిన గోడల పక్కన నిలబడి నేర్చుకున్నారు జనం. "రిజిస్ట్రేషన్ అయింది, మున్సిపల్ పర్మిషన్ ఉంది, బ్యాంకు లోనిచ్చింది, ఇంకేం చూడాలి" అని ఆ ఇళ్ల వాళ్లు ఏడ్చారు. వాళ్లకు ఆ ఇళ్లు అమ్మిపెట్టినవాళ్లలో ఎంతమంది చెరువు హద్దుల మ్యాపు ఒక్కసారైనా చూశారు? రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన యాజమాన్యం రుజువైనట్టు కాదన్న ప్రాథమిక విషయం మన ఏజెంట్లకు తెలిస్తే కదా కొనేవాళ్లకు తెలిసేది.

రెండో సమాధానం కాస్త తెలివైనది. "ఆ పనికి లాయర్లున్నారు కదా, లీగల్ ఒపీనియన్ తీసుకోమనండి. ఏజెంటు పని కొనేవాడినీ అమ్మేవాడినీ కలపడమే." వినడానికి సబబుగానే ఉంది. పని జరిగే వరస చూస్తే నిలవదు. ఆదివారం సైట్‌కు తీసుకెళ్లారు, ఈస్ట్ ఫేసింగ్ కార్నర్ బిట్ చూపించారు, సాయంత్రానికి రేటు పెరుగుతుందన్నారు, అక్కడికక్కడ టోకెన్ ఇప్పించారు. లాయరు ఆ తర్వాత వస్తాడు, వస్తే. అతని ముందుకొచ్చే జిరాక్సు ప్రతులు చాలాసార్లు ఏజెంటు అందించినవే. ఏ లింకు డాక్యుమెంటు లేదో లాయరు చెప్పగలడు. ఆ భూమిలో ఇంకొకరు సాగు చేసుకుంటున్నారనీ, లేఅవుట్ ప్లానులో దారి ఉన్న చోట నేలమీద కంచె ఉందనీ ఆఫీసులో కూర్చుని చెప్పలేడు. సైట్‌లో నిలబడింది ఏజెంటు. అక్కడ ఏం చూడాలో తెలియాల్సింది కూడా అతనికే.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఏజెంటు పని "కలపడమే" అని చట్టం అనలేదు. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా, 2016లో వచ్చింది. దాని 9వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు, రెరాలో నమోదు కావాల్సిన ప్రాజెక్టులో ప్లాటు గానీ ఫ్లాటు గానీ అమ్మిపెట్టకూడదు. 10వ సెక్షన్ ప్రకారం నమోదు కాని ప్రాజెక్టును అమ్మిపెట్టకూడదు, లేని అనుమతులు ఉన్నట్టు చెప్పకూడదు, బుకింగ్ సమయంలో కొనేవాడికి దక్కాల్సిన సమాచారం, పత్రాలు అన్నీ అందేలా చూడాలి. తప్పితే 62వ సెక్షన్ కింద రోజుకు పది వేల రూపాయల జరిమానా, అది అమ్మిన ఆస్తి విలువలో ఐదు శాతం దాకా పెరగొచ్చు. ఇంత బాధ్యత మోపిన చట్టం, ఆ బాధ్యత మోయడానికి ఏ అర్హత కావాలో మాత్రం చెప్పలేదు. రుసుం కట్టి, పాన్ కార్డు, ఫొటోలు, చిరునామా రుజువు లాంటి కాయితాలు ఇస్తే చాలు. ప్రీలాంచ్ పేరిట నూటికి నూరు శాతం డబ్బు ముందే కట్టించుకున్న రోజుల్లో, రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదన్న 13వ సెక్షన్‌ను చదివిన ఏజెంటు ఒక్కడైనా ఆ డబ్బు తీసుకునే చోట ఉండుంటే, కొన్ని కుటుంబాలైనా బయటపడేవి. యూడీఎస్ కింద గజాలు కొన్నామనుకుని, కట్టని భవనంలో విడదీయని వాటాకు యజమానులై కూర్చున్నవాళ్లు హైదరాబాద్‌లో ఎంతమందో.

ఒక పోలిక చూడండి. మీ ఊళ్లో జీవిత బీమా పాలసీ అమ్మే ఏజెంటు శిక్షణ తీసుకుని, పరీక్ష రాసి పాసయ్యాకే ఆ పనిలోకి వచ్చాడు. పదో తరగతి చదివినవాళ్లు ఆ పరీక్ష రాసి పాసవుతున్నారు. నెలకు ఐదు వందల సిప్ చేయించే మ్యూచువల్ ఫండ్ పంపిణీదారు కూడా పరీక్ష రాయాల్సిందే. నలభై లక్షల ప్లాటు అమ్మేవాడికి మాత్రం ఏమీ అక్కర్లేదంటున్నాం. పాలసీ నచ్చకపోతే వెనక్కివ్వడానికి గడువుంటుంది, ఫండు నచ్చకపోతే అమ్ముకోవచ్చు. రిజిస్టరైన ప్లాటును ఎవరికి వెనక్కిస్తారు?

డాలస్, ఫ్రిస్కో వైపు ఇళ్లు అమ్మిపెట్టే మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనో మానేసో ఆ పనిలోకి వెళ్లినవాళ్లు. టెక్సాస్‌లో లైసెన్సు కావాలంటే ఆరు కోర్సులు, ఒక్కోటి 30 గంటలు, మొత్తం 180 గంటలు చదవాలి. రియల్ ఎస్టేట్ మౌలిక సూత్రాలు రెండు భాగాలు, ఏజెన్సీ చట్టం, కాంట్రాక్టు చట్టం, ప్రభుత్వం ఖరారు చేసిన ఒప్పంద పత్రాలు, ఇంటి రుణాలు. ఆ తర్వాత పరీక్ష. పాసైనా సొంతంగా కాదు, ఒక బ్రోకరు కిందే పనిచేయాలి. ఏజెన్సీ చట్టానికి అక్కడ విడిగా 30 గంటలు పెట్టారన్నది గమనించాలి. ఏజెంటు ఎవరి మనిషి అన్నదే ఆ చట్టంలో మొదటి ప్రశ్న. అక్కడ రెండు పక్కలా నిలబడాలంటే రెండు పక్కలా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇక్కడ కొనేవాడి దగ్గర ఒక శాతం, అమ్మేవాడి దగ్గర ఇంకో శాతం తీసుకుని, ఇద్దరికీ "నేను మీ మనిషినే" అని చెప్పడం మామూలైపోయింది. అది తప్పని చెప్పే పాఠం ఎవరూ వినలేదు కాబట్టి, చేసేవాళ్లకు తప్పు చేస్తున్నామని కూడా అనిపించదు. అదే ఇంటి పేరున్న అన్న ఫ్రిస్కోలో చదివి అమ్ముతుంటే, తమ్ముడు షాద్‌నగర్‌లో చదవకుండా అమ్ముతున్నాడు. వీళ్లిద్దరిలో చిక్కైన భూమి అమ్ముతున్నది తమ్ముడే. అమెరికాలో టైటిల్ ఇన్సూరెన్స్ ఉంది. మనకు అది అలవాటులోనే లేదు.

అమెరికా మాట వదిలేయండి, పక్కనున్న మహారాష్ట్ర ఏం చేసిందో చూద్దాం. 2023 జనవరిలో మహారెరా ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. పాసై సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే రిజిస్ట్రేషన్. మనకున్న చట్టమే వాళ్లకూ ఉంది.

ఇక కాలేజీల మీద ఉన్న విమర్శ. "రియల్ ఎస్టేట్‌లో ఎంబీఏలు కూడా ఉన్నాయి కదా, వాళ్లేం చేశారు" అంటారు. ఇందులో నిజం ఉంది, దాన్ని తోసిపుచ్చను. నిక్మార్ లాంటి సంస్థల్లో రియల్ ఎస్టేట్ నిర్వహణ కోర్సులున్నాయి, హైదరాబాద్ శివార్లలో వాళ్ల ప్రాంగణం కూడా ఉంది. అక్కడ ప్రాజెక్టు ఫైనాన్స్, విలువ కట్టడం, ఆఫీసు భవనాల లీజులు నేర్చుకున్నవాళ్లు పెద్ద కంపెనీల్లో చేరతారు. ఫీజు లక్షల్లో, బోధన ఇంగ్లీషులో. వాళ్లకు నేర్పేది వాళ్ల ఉద్యోగానికి సరిపోతుంది. సదాశివపేట దగ్గర ఓపెన్ ప్లాటు అమ్మే మనిషికి ఆ కోర్సుతో పని లేదు, ఆ కోర్సుకు అతనితో పని లేదు. ఇక్కడి నుంచి "కాబట్టి చదువే వృథా" అనే తీర్పుకు దూకడం మాత్రం తొందరపాటు. వేసుకున్న చొక్కా కొలత తప్పితే మరో చొక్కా కుట్టించుకోవాలని చెప్పడానికి పెద్ద వాదన అక్కర్లేదు.

కావాల్సిన జ్ఞానం మన విద్యాసంస్థల్లో లేకపోలేదు, ముక్కలు ముక్కలుగా ఉంది. లా కాలేజీలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ల వారీగా చెబుతారు, విద్యార్థి చేతికి ఒక్క పహాణీ ఇవ్వరు. పాలిటెక్నిక్‌లో గొలుసు పట్టి, టోటల్ స్టేషన్ పెట్టి భూమి కొలవడం నేర్పుతారు, గ్రామ టిప్పన్ చదవడం నేర్పరు. బీకాంలో కాంట్రాక్టు చట్టం ఉంది, అగ్రిమెంట్ ఆఫ్ సేల్‌కూ సేల్ డీడ్‌కూ తేడా అడిగితే చాలామంది పట్టభద్రులు తడుముకుంటారు. అగ్రిమెంటుతో భూమి మీద హక్కు రాదనీ, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ)తో జరిగే అమ్మకం అమ్మకం కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పిందనీ తెలియకుండా డిగ్రీలు చేతికొస్తున్నాయి. ఈ ముక్కలన్నీ ఒకచోట కుట్టిన చదువు తెలుగులో నాకు ఎక్కడా కనిపించలేదు.

ఉంటే ఎలా ఉండాలో నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. ఆరు నెలల కోర్సు, ఇంటర్ చదివినవాళ్లకు, తెలుగులో. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో, పాలిటెక్నిక్‌లలో సాయంత్రం పూట. బీకాం, బీఏ విద్యార్థులు డిగ్రీలో ఒక ఐచ్ఛికంగానూ చదువుకోవచ్చు. సగం కాలం తరగతి గదిలో, సగం కాలం బయట. ప్రతి విద్యార్థికీ ఒక సర్వే నంబరు అప్పగించాలి. దాని కథ పాత రికార్డు నుంచి ఈ రోజు దాకా అతనే తవ్వి తీయాలి: తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు పెట్టి నకళ్లు తెచ్చుకోవాలి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో లింకు డాక్యుమెంట్లు చూడాలి, సర్వేయరు వెంట వెళ్లి హద్దురాళ్లు వెతకాలి, ఆ గట్టు పక్క రైతుతో మాట్లాడాలి. పట్టాదారు కుటుంబంలో ఎవరెవరున్నారో, ఆడపిల్లలెంతమందో వంశవృక్షం గీయాలి. ఆ పని ఒక్కటి శ్రద్ధగా చేసినవాడు జీవితంలో ఏ ఫైలు చూసినా ఎక్కడ ఆగాలో తెలుసుకుంటాడు.

తరగతిలో చెప్పాల్సినవీ కష్టమైనవేం కావు. తాత్కాలిక లేఅవుట్ నంబరుకూ ఫైనల్ లేఅవుట్‌కూ తేడా, అభివృద్ధి పూర్తయ్యేదాకా హెచ్‌ఎండీఏకో డీటీసీపీకో తనఖాలో ఉండే ప్లాట్లు ఏవో గుర్తించడం, పార్కుకు వదిలిన స్థలాన్ని ప్లాటుగా అమ్ముతున్నారేమో పట్టుకోవడం. ఫ్లాటులో కార్పెట్ ఏరియాకూ సూపర్ బిల్టప్‌కూ మధ్య కొనేవాడి డబ్బు ఎంత పోతోందో లెక్క కట్టడం. ధర యాభై లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ కొనేవాడే కట్టాలని చెప్పడం. కడుతున్న ఫ్లాటుకు జీఎస్టీ ఉంటుందనీ, పూర్తై ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చినదానికి ఉండదనీ చెప్పడం. ఇల్లు కొనే సామాన్యుడు గూగుల్లో వెతుక్కుని, సగం అర్థమై సగం అర్థంకాక భయపడే విషయాలివి. పక్కనున్న ఏజెంటు తేలిగ్గా చెప్పగలిగితే ఆ కుటుంబానికి ఎంత ధైర్యం! కమీషన్ ఇవ్వడానికి అప్పుడు ఎవరూ గొణగరు.

అన్నింటికన్నా నేను పట్టించుకునే అభ్యంతరం ఒకటుంది. "ఉద్యోగాల్లేని చోట నలుగురు బతుకుతున్న పని ఇది. దానికీ పరీక్షలు పెడితే పేదవాడి పొట్ట కొట్టినట్టే." ఈ మాట అనేవాళ్లలో నిజాయితీ ఉంది. పొలం అమ్ముకుని పట్నానికొచ్చినవాళ్లు, చిన్న ప్రైవేటు స్కూల్లో జీతం సరిపోని టీచర్లు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఏదో ఒకటి సంపాదించాలనుకున్న గృహిణులు ఈ పనిలో ఉన్నారు. వాళ్లను బయటికి గెంటమని నేననడం లేదు. వాళ్ల కోసమే ఈ చదువు కావాలంటున్నాను.

ఎందుకంటే చైన్ మార్కెటింగ్‌లో చేరిన మనిషి మొదట అమ్మేది ఎవరికి? అక్కకు, బావకు, తోటి టీచర్లకు, తన కులసంఘం పెద్దలకు. కంపెనీకి అతనితో పనంతా ఆ పరిచయాల జాబితాతోనే. వెంచర్ చెడితే కంపెనీ బోర్డు తిప్పేస్తుంది, యజమాని ఫోను స్విచాఫ్ అవుతుంది. ఈ మనిషి మాత్రం అదే వీధిలో ఉండాలి. అక్క ఇంట్లో పెళ్లికి వెళ్లలేడు. బావ మాట్లాడడు. ఫిర్యాదు రాస్తే డబ్బు చేతికి తీసుకున్నవాడిగా అతని పేరే ముందుంటుంది. అతనికి వచ్చిన కమీషన్ ఏపాటిదో ఎవరూ అడగరు. ఏమీ నేర్పకుండా ఈ పనిలోకి దింపడమే అతని పొట్ట కొట్టడం. సెక్షన్ 10 తెలిసిన మనిషి, రెరా నంబరు లేని ప్రాజెక్టు అమ్మమంటే "నేను అమ్మను" అని ఒక కారణం చూపించి చెప్పగలడు. ఇప్పుడతనికి ఆ మాట అనడానికి జ్ఞానమూ లేదు, ధైర్యమూ లేదు.

ఫీజు భారం అవుతుందన్న భయమూ తీర్చదగ్గదే. తెలంగాణ ప్రభుత్వం 2025లో యువకులను ఎంచుకుని లైసెన్సుడు సర్వేయర్లుగా శిక్షణ ఇచ్చింది. తలచుకుంటే ఇలాంటివి సర్కారు చేయగలదని అదే రుజువు. స్కిల్స్ యూనివర్సిటీ పెట్టుకున్నాం. ప్రతి నమోదులో రెరా వసూలు చేసే రుసుంలో కొంత ఈ శిక్షణకు మళ్లిస్తే ఎస్సీ, ఎస్టీ, మహిళా అభ్యర్థులకు ఉచితంగా చెప్పొచ్చు. పరీక్ష తెలుగులో, ఉర్దూలో పెట్టాలి. ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లకు రెండేళ్ల గడువివ్వాలి. రాయలేని పెద్దవాళ్లకు నోటితో అడగాలి. ఇరవై ఏళ్లుగా నిజంగా పని తెలిసి చేస్తున్న పెద్దమనిషికి ఆ పరీక్ష ఒక పూట పని. పాస్‌బుక్కులో ఖాతా నంబరేదో సర్వే నంబరేదో చెప్పలేనివాడు ఆగిపోతాడు. ఆగాల్సిందే.

దీనికి అసెంబ్లీలో కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ఏజెంట్లకు ఆదేశాలిచ్చే అధికారం 37వ సెక్షన్ కింద రెరాకు ఉంది, నిబంధనలు చేసే అధికారం 84వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. అవగాహన సదస్సు పెట్టి, జ్యోతి వెలిగించి, కరపత్రాలు పంచితే సరిపోదు. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉన్న రెండు రెరా సంస్థలూ ఉన్నత విద్యామండళ్లతో కలిసి పాఠ్యప్రణాళిక రాయించి, ఫలానా తేదీ తర్వాత సర్టిఫికెట్ లేని ఏజెంటుకు నమోదు లేదు, పునరుద్ధరణ లేదు అని ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి. ఆ తేదీ వచ్చేలోగా ప్లాటు కొనబోయేవాళ్లు ఏజెంటును అడగడం మొదలుపెట్టొచ్చు: ఈ భూమి ఎవరి తాతది, ఆ తాతకు మనవరాళ్లెంతమంది, వాళ్ల సంతకాలు ఏ పేజీలో ఉన్నాయి?